అడవి కాలాక, వాన పడేలోపు: నల్లమలలో మట్టి కోత ముప్పును శాటిలైట్ చిత్రాలతో అంచనా వేయడం ఎలా

నల్లమలలో మంటలు ఫిబ్రవరి చివర్లో మొదలై మే దాకా సాగుతాయి. జూన్ మొదటి, రెండో వారాలకల్లా నైరుతి రుతుపవనాలు వచ్చేస్తాయి. అంతకుముందే ఏప్రిల్, మే నెలల్లో ఉరుములతో కురిసే వానలు వేరే ఉన్నాయి. అంటే కాలిన వాలు మీద మట్టి ఎక్కడెక్కడ కొట్టుకుపోతుందో తేల్చుకోవడానికి చేతిలో ఉండేవి కొన్ని వారాలే. అంత అడవీ కాలినడకన తిరిగి చూడలేం కాబట్టి శాటిలైట్ చిత్రాలే దిక్కు.

ఈ పనిలో తరచూ జరిగే తప్పు ఒకటుంది. కాలిన తీవ్రత మ్యాపు తయారుచేసి, రంగులు మార్చి, దానికే కోత ముప్పు మ్యాపు అని పేరు పెట్టేస్తారు. శాటిలైట్ చూసేది ఆకును, బొగ్గును, బూడిదను. మట్టిని లాక్కుపోయేది మాత్రం వాన. అది ఎంత లాక్కుపోతుందన్నది వాలును బట్టి, నేల మీద మిగిలిన కప్పును బట్టి ఉంటుంది. మన ఆకురాల్చే అడవుల్లో ఈ రెండు మ్యాపులకూ పొంతన బాగా తక్కువ. ఎందుకో కిందికి వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

ఎప్పుడు, ఎక్కడ కాలిందో ముందు తేల్చుకోండి

తేదీల కోసం నాసా వారి ఫర్మ్స్ సైట్‌లో వచ్చే మంటల బిందువులు చాలు. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా పంపే హెచ్చరికలకు కూడా ఆధారం శాటిలైట్ల మీదున్న ఈ మోడిస్, వీర్స్ సెన్సర్లే. మోడిస్ పిక్సెల్ 1 కిలోమీటరు, వీర్స్‌ది 375 మీటర్లు. మ్యాపు మీద కనిపించే చుక్క ఆ పిక్సెల్ నడిబొడ్డు మాత్రమే. మంట అక్కడే ఉందని అర్థం కాదు, కాబట్టి చుక్కల చుట్టూ గీత గీసి అదే కాలిన హద్దు అనుకోవద్దు. చెట్ల కింద ఎండాకుల్లో నెమ్మదిగా పాకే మంట శాటిలైట్ వచ్చే వేళకు ఆరిపోతే చుక్క పడనే పడదు. చుక్కలతో తేదీ తెలుసుకోండి, హద్దు మాత్రం ఐరోపా వారి సెంటినెల్-2 శాటిలైట్ చిత్రం మీదే గీయండి.

ఏ చిత్రాలు తీసుకోవాలి

సెంటినెల్-2 ఉచితం, సుమారు 5 రోజులకోసారి అదే చోటికి వస్తుంది. మనకు కావలసినవి రెండు బ్యాండ్లు: బీ8ఏ (సమీప పరారుణం), బీ12 (2.19 మైక్రాన్ల దగ్గరి పొట్టి తరంగ పరారుణం). రెండూ 20 మీటర్ల పిక్సెల్‌తో దొరుకుతాయి. మబ్బు అడ్డం వస్తే అమెరికా వారి ల్యాండ్‌శాట్ 8, 9 కలిపి 8 రోజులకోసారి 30 మీటర్ల చిత్రాలిస్తాయి. వాటిలో 5, 7 బ్యాండ్లు వాడాలి. పాత మంటలు చూడాలన్నా ల్యాండ్‌శాటే గతి: 2014 మార్చిలో తిరుమల దగ్గర శేషాచలం కాలినప్పటికి సెంటినెల్-2 ఇంకా పైకి వెళ్లలేదు. మన లిస్-4 చిత్రాలు 5.8 మీటర్ల పిక్సెల్‌తో ముచ్చటగా ఉంటాయి గానీ వాటిలో పొట్టి తరంగ పరారుణ బ్యాండ్ లేదు. హద్దు సరిచూసుకోవడానికి పనికొస్తాయి, తీవ్రత లెక్కకు రావు.

తేదీల ఎంపికలోనే సగం ఫలితం తేలిపోతుంది. నల్లమలలో టేకు లాంటి చెట్లు మంటలు మొదలయ్యే కాలానికే ఆకు రాలుస్తాయి. డిసెంబరు చిత్రాన్ని ‘ముందు’గా, మార్చి చిత్రాన్ని ‘తర్వాత’గా పెట్టుకుంటే, అగ్గిపుల్ల గీయని చోట కూడా కాలినట్టు కనిపిస్తుంది. అందుకే ముందు చిత్రం మంటకు వారం పది రోజుల లోపుదై ఉండాలి. దానికి తోడు నిరుడు అదే నెల చిత్రం ఒకటి దగ్గర పెట్టుకోండి. అక్కడ ఏటా వచ్చే మార్పేదో, మంట తెచ్చిన మార్పేదో విడదీయడానికి అది సాక్ష్యం.

తర్వాత చిత్రం మంట ఆరిన రెండు వారాల లోపుదే కావాలి. గాలికి బూడిద ఎగిరిపోతుంది, మాడిన చెట్ల ఆకులు రాలి నల్లటి నేలను కప్పేస్తాయి, ఒక జల్లు పడితే చిగుళ్లు మొదలవుతాయి. నెల ఆగితే చిత్రంలో కాలిన మచ్చ సగం మాసిపోతుంది.

లెక్కకు ముందు రెండు ఉచ్చులు

మొదటిది 1000 అంకె గొడవ. 2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 చిత్రాల్లో ప్రతి పిక్సెల్ విలువకు 1000 కలిపి ఇస్తున్నారు. దాన్ని తీసేసి, తర్వాత 10000తో భాగిస్తేనే అసలు పరావర్తనం వస్తుంది. తీయకపోతే ఏమవుతుందో ఒక పిక్సెల్‌లో చూడండి. మంటకు ముందు బీ8ఏ 0.20, బీ12 0.15, తర్వాత 0.12, 0.20 అనుకుందాం. ఎన్‌బీఆర్ అంటే రెండు బ్యాండ్ల తేడాను వాటి మొత్తంతో భాగించడం. ముందు 0.05ను 0.35తో భాగిస్తే 0.143. తర్వాత మైనస్ 0.08ను 0.32తో భాగిస్తే మైనస్ 0.25. ముందు విలువలోంచి తర్వాతది తీసేస్తే వచ్చేదే డీఎన్‌బీఆర్, ఇక్కడ 0.393. అదే 1000 తీయకుండా చేస్తే 0.091, మైనస్ 0.154 వచ్చి, తేడా 0.245 దగ్గర ఆగిపోతుంది. మధ్యస్థంగా కాలిన చోటు కాస్తా ‘స్వల్పం’లో పడిపోయింది. గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో పేరులో ‘హార్మనైజ్డ్’ అని ఉన్న కలెక్షన్ వాడితే ఈ సవరణ అందులోనే జరిగి ఉంటుంది. కోపర్నికస్ సైట్ నుంచి నేరుగా దించుకుంటే మీరే చేసుకోవాలి.

రెండోది మబ్బుల మాస్క్. చిత్రంతో పాటు, ఏ పిక్సెల్‌లో ఏముందో అంకెలతో చెప్పే ఎస్‌సీఎల్ పొర వస్తుంది. అందులో 3 మబ్బు నీడ, 8, 9 మబ్బు, 10 పల్చని మబ్బు. కాలిన నేల నల్లగా ఉంటుంది కాబట్టి ఆ పొర దాన్ని చాలాసార్లు మబ్బు నీడగానో, 2వ తరగతి చీకటి ప్రాంతంగానో, నీటిగానో లెక్కేస్తుంది. ఆ తరగతులన్నీ గుడ్డిగా కొట్టేస్తే బాగా కాలిన భాగమే మ్యాపులో చిల్లుగా మిగులుతుంది. వేసవిలో మబ్బులు తక్కువే. 8, 9, 10 మాత్రం తీసేసి, నీడల సంగతి కంటితో చూసుకోవడం మేలు.

తీవ్రత లెక్క, దాన్ని ఎంతవరకు నమ్మాలి

డీఎన్‌బీఆర్ వచ్చాక, మచ్చ బయట, అదే రకం అడవిలో కాలని చోట్ల ఐదారు ముక్కలు గీసి వాటి సగటు తీయండి. అది సున్నాకు దగ్గరగా ఉండాలి. 0.06 వచ్చిందంటే ఆ మేరకు ఆకు రాలిందనో, గడ్డి ఎండిందనో అర్థం; మొత్తం మ్యాపులోంచి 0.06 తీసేయండి. రెండు నిమిషాల పని, కానీ ఎక్కువ మంది వదిలేసేది ఇదే.

అమెరికా భూగర్భ సర్వే సంస్థ వాడే హద్దులు అందరికీ తెలిసినవే: 0.1 లోపు కాలనిది, 0.27 దాకా స్వల్పం, 0.44 దాకా మధ్యస్థంలో తక్కువ, 0.66 దాకా మధ్యస్థంలో ఎక్కువ, ఆపైన తీవ్రం. అక్కడ చెట్ల తలలు కాలిపోయే మంటలు ఎక్కువ. నల్లమలలో మంట ఎక్కువగా నేల మీదే పాకుతుంది. ఎండాకు, బోద గడ్డి, చిన్న తుప్పలు కాలుతాయి, పెద్ద చెట్లు నిలబడే ఉంటాయి. అప్పటికే ఆకు రాలి ఉన్న అడవిలో ముందు చిత్రపు ఎన్‌బీఆరే తక్కువ, కాబట్టి తేడా కూడా తక్కువే వస్తుంది. డీఎన్‌బీఆర్ 0.2 చూపించే చోట నేల మీద ఒక్క ఆకు లేకుండా బోడిగా ఉండటం ఇక్కడ మామూలే. పుస్తకంలో ఉన్న హద్దులు తెచ్చి పెడితే నల్లమల మొత్తం ‘స్వల్పం’గా తేలి, ముప్పేమీ లేదని నివేదిక తయారవుతుంది.

దీనికి రెండు మందులు. ఒకటి, ఆర్‌బీఆర్: డీఎన్‌బీఆర్‌ను ముందు ఎన్‌బీఆర్‌కు 1.001 కలిపిన మొత్తంతో భాగిస్తే, పల్చటి అడవికీ దట్టమైన అడవికీ పోలిక కాస్త సమం అవుతుంది. రెండు, గడ్డి, తుప్పల మంటల కోసమే రూపొందిన మిర్బీ సూచిక: బీ12ను 10తో గుణించి, అందులోంచి బీ11కు 9.8 రెట్లు తీసేసి, 2 కలపాలి. నేల మంటల మచ్చ హద్దు ఇందులో బాగా తేలుతుంది. ఏది వాడినా తరగతుల హద్దులు మాత్రం నేల మీద కొలిచిన తర్వాతే ఖాయం చేయండి.

నేల మీద కొలతలు

నాగార్జునసాగర్-శ్రీశైలం అయినా, అమ్రాబాద్ అయినా పులుల అభయారణ్యం. అటవీశాఖ అనుమతి, తోడు సిబ్బంది లేకుండా అడుగు పెట్టకూడదు. అనుమతి పత్రం మొదటి రోజే పెట్టుకోండి, చిత్రాల పని అయ్యేలోపు అది చేతికొస్తుంది.

మ్యాపును తాత్కాలికంగా స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని మూడు తరగతులు చేసి, తరగతికి పది చొప్పున ముప్పై చోట్లు, కాలని చోట్లు ఐదు ఎంచుకోండి. ప్రతి చోటూ చుట్టూ మూడు పిక్సెళ్ల మేర, అంటే 60 మీటర్ల చదరం, ఒకే తీరున కాలి ఉండాలి. లేకపోతే జీపీఎస్ తప్పు వల్ల పక్క పిక్సెల్‌ను కొలిచి వస్తారు.

చోటు చేరాక వాలుకు అడ్డంగా 20 మీటర్ల టేపు పరచండి. మీటరు మీటరుకూ ఆగి, టేపు కింద సరిగ్గా ఏముందో రాసుకోండి: బోడి మట్టి, బూడిద, ఆకు, గడ్డి, కట్టె, రాయి. ఇరవై లెక్కల్లో మట్టి, బూడిద కలిపి పదమూడు వస్తే బోడి నేల 65 శాతం. బూడిదను కప్పుగా లెక్కించొద్దు, మొదటి వానకే పోతుంది. రాయిని మాత్రం కప్పుగానే లెక్కించాలి. నల్లమల క్వార్ట్‌జైట్ గుట్టల మీద పరుచుకున్న రాళ్లు చినుకు దెబ్బను బాగా కాస్తాయి. పలక రాయి, షేల్ ఉన్న వాలు మీద ఆ రక్షణ ఉండదు. అదే వాలు, అదే తీవ్రత ఉన్నా కోత ఎక్కువ. నేల కప్పు 60, 70 శాతం మిగిలితే కోత అదుపులోనే ఉంటుంది. అంతకంటే తగ్గేకొద్దీ నష్టం వేగంగా పెరుగుతుంది.

తర్వాత బూడిద గీకేసి, మట్టి మీద డ్రాపర్‌తో ఐదు చుక్కల నీళ్లు వేయండి. 10 సెకన్లలో ఇంకితే ఫర్వాలేదు, 40 సెకన్లు దాటినా ముత్యంలా నిలిచే ఉంటే మట్టి నీటిని గట్టిగా నెట్టేస్తోందన్నమాట. ఒకటి, మూడు సెంటీమీటర్ల లోతులో కూడా చేసి చూడండి, ఆ పొర కొన్నిసార్లు పైన కాక లోపల ఉంటుంది. ఎండలకు బాగా ఎండిన నేల కాలకపోయినా కొంత నెట్టేస్తుంది, అందుకే కాలని ఐదు చోట్లా ఇదే పరీక్ష చేయాలి. చివరగా నాలుగు వేళ్ల లోతు తవ్వి సన్న వేర్లు చూడండి. వేర్లు పచ్చిగా ఉండి, మట్టి గడ్డ కట్టి ఉంటే పైన ఎంత నల్లగా ఉన్నా నేల పెద్దగా దెబ్బతినలేదు. వేర్లు మాడి, మట్టి పిండిలా రాలుతుంటే, పైన తెల్ల బూడిద ఉంటే, అది నిజంగా తీవ్రం.

ఈ కొలతలతో తరగతుల హద్దులు జరపండి. బోడి నేల 30 శాతం లోపు, 30 నుంచి 60, ఆపైన అని మూడు తరగతులు చాలు. ఎక్కువ తరగతులు చేస్తే మ్యాపు అందంగా ఉంటుందేమో గానీ కొలతలు వాటిని మోయలేవు.

వాలు, వాన

ఎత్తుల మ్యాపుకు ఇస్రో వారి భువన్ సైట్‌లో దొరికే కార్టోడెమ్ గానీ, కోపర్నికస్ 30 మీటర్ల డెమ్ గానీ తీసుకోండి. రెండింటిలోనూ చెట్ల ఎత్తు కూడా కలిసి ఉంటుంది, దట్టమైన అడవి అంచున లేని వాలు పుడుతుంది. ఏది వాడినా ముందు యూటీఎం 44 జోన్‌లోకి (దూరాలను మీటర్లలో చూపే పద్ధతి) మార్చాకే వాలు లెక్కించండి. అక్షాంశ, రేఖాంశాల్లోనే వదిలేస్తే అడ్డం డిగ్రీల్లో, ఎత్తు మీటర్లలో ఉండి వాలు అంతా 90 డిగ్రీల దగ్గర తేలుతుంది. తర్వాత ఎత్తుల మ్యాపులో ఉన్న గుంటలు పూడ్చి, నీరు పారే దిశ, పోగుపడే పిక్సెళ్ల లెక్క తీయాలి. ఇవన్నీ క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో సాగా, గ్రాస్ పనిముట్లతో అవుతాయి.

నల్లమల గుట్టల నెత్తిన చదును ఎక్కువ. కాలిన విస్తీర్ణంలో పెద్ద భాగం అక్కడే ఉండొచ్చు, కానీ మట్టి కదిలేది ఆ చదును అంచుల నుంచి లోయల్లోకి దిగే వాలుల మీద. హెక్టార్ల లెక్క చూసి మొగ్గితే తప్పుతోవ పడతాం.

వాన విషయంలో ఒక వెసులుబాటు ఉంది. ఒకే గుట్టల వరసలో ఏ వాలు ముందు, ఏది వెనక అని మాత్రమే తేల్చాలనుకుంటే వాన లెక్క ఫలితాన్ని పెద్దగా మార్చదు, అన్నిటి మీదా దాదాపు అదే వాన. రెండు దూరపు ప్రాంతాలను పోల్చేటప్పుడే అది అక్కరకొస్తుంది. అప్పుడు కూడా మొత్తం వర్షపాతం కంటే నెలలు ముఖ్యం. శేషాచలంలో పెద్ద వానలు అక్టోబరు, నవంబరులో పడతాయి. మార్చిలో కాలిన చోట అప్పటికి గడ్డి లేచే అవకాశం ఉంది. నల్లమల ఉత్తర భాగంలో బోడి నేల మీదే నేరుగా మే, జూన్ వానలు పడతాయి.

టన్నుల లెక్క

ఏడాదికి హెక్టారుకు ఎన్ని టన్నుల మట్టి పోతుందో లెక్కించే రూసిల్ సమీకరణంలో ఐదు అంశాలను గుణిస్తారు: వాన దెబ్బ ఆర్, మట్టి గుణం కే, వాలు పొడవు-నిటారుతనం ఎల్‌ఎస్, కప్పు సీ, సంరక్షణ పనులు పీ. ఆర్‌కు మన దేశంలో ఎక్కువగా వాడే సూత్రం: ఏడాది వర్షపాతం మిల్లీమీటర్లను 0.363తో గుణించి 79 కలపడం. 800 మిల్లీమీటర్లకు 369 వస్తుంది. ఇది పాత మెట్రిక్ కొలమానంలోని అంకె; 9.81తో గుణిస్తే ఇప్పటి కొలమానంలో 3624. కే కూడా అదే కొలమానంలో ఉండాలి. పాత ఆర్, కొత్త కే కలిపి వేస్తే జవాబు పదో వంతుకు పడిపోతుంది. అచ్చయిన లెక్కల్లోనూ ఈ కలగాపులగం కనిపిస్తుంది.

ఎల్‌ఎస్‌కు: పోగుపడిన పిక్సెళ్లను పిక్సెల్ వెడల్పుతో గుణించి 22.13తో భాగించి 0.4 ఘాతం, వాలు సైన్‌ను 0.0896తో భాగించి 1.3 ఘాతం, రెండూ గుణించాలి. సైన్‌కు రేడియన్లు ఇవ్వాలి, డిగ్రీలు కాదు. 15 డిగ్రీల వాలు, 60 మీటర్ల పొడవుకు 5.9 వస్తుంది. వాగుల్లో ఈ అంకె వందలకు ఎగబాకుతుంది. వాగు పిక్సెళ్లు తీసేయండి లేదా పొడవుకు 150 మీటర్ల దగ్గర పరిమితి పెట్టండి.

కే 0.03, పీ 1 అనుకుంటే, కాలని అడవికి సీ 0.003 దగ్గర ఏడాదికి హెక్టారుకు సుమారు 2 టన్నులు. స్వల్పంగా కాలితే సీ 0.01, అంటే 6 టన్నులు, మధ్యస్థానికి 0.05, 32 టన్నులు, తీవ్రానికి 0.2, 129 టన్నులు. మన నేలలు తట్టుకోగల పరిమితిని 2.5 నుంచి 12.5 టన్నులుగా తీసుకుంటారు. ఇక్కడ వాన, వాలు, మట్టి ఏవీ మారలేదు, సీ ఒక్కటే మారింది. అందుకే టేపు పట్టుకుని చేసిన కొలతల మీద అంత పట్టుబట్టేది. సీని ఎన్‌డీవీఐ (పచ్చదనం సూచిక) నుంచి లాగే అడ్డదారి ఈ అడవుల్లో పనికిరాదు: ఎండాకాలంలో ఎండుటాకు నిండా పరచుకున్న నేలకూ బోడి నేలకూ ఎన్‌డీవీఐ దాదాపు ఒకటే.

ఈ టన్నులను సంపూర్ణ సత్యంగా చెప్పొద్దు. రూసిల్ పుట్టింది సాగు భూముల కొలతల్లోంచి. గండ్లు పడటం, వాగు ఒడ్డు కూలడం, కొండ జారడం దీని లెక్కలో లేవు. వరుస క్రమం కోసం వాడండి.

మ్యాపును పనిగా మార్చడం

పిక్సెళ్ల మ్యాపుతో ఎవరూ పని చేయలేరు. అడవిని 50 నుంచి 300 హెక్టార్ల చిన్న పరీవాహకాలుగా విడగొట్టండి. ఒక్కోదానికి, బోడి నేల 60 శాతం దాటి, వాలు 15 డిగ్రీలు దాటిన భాగం ఎంత శాతమో రాయండి. వాగుకు 50 మీటర్ల లోపు కాలిన పట్టీని రెట్టింపుగా లెక్కించండి. పైన కాలినా వాగు పక్కన పచ్చటి పట్టీ మిగిలితే మట్టి చాలావరకు అక్కడే ఆగుతుంది. ఆ తర్వాత దిగువన ఏముందో పక్కన రాయండి: చెంచు పెంట (చెంచుల గూడెం), ఘాట్ రోడ్డు కల్వర్టు, జంతువుల నీటి గుంట, చెక్‌డ్యామ్. గుండ్లకమ్మ వైపు వాలితే చివర కంభం చెరువుంది. కోత ఎక్కువై దిగువన ఏమీ లేని వాగు కంటే, కోత మధ్యస్థమై దిగువన పెంట ఉన్న వాగు ముందుకు రావాలి.

ముందు వరసలో తేలినచోట మే చివరకల్లా కల్వర్టులు తుడవడం, చెక్‌డ్యామ్ పూడిక తీయడం, మాడిన కొమ్మలను కాంటూరు వెంట నేలకు ఆనించి అడ్డం వేయడం చేయాలి. కొమ్మ కింద సందు ఉంటే నీరు అక్కడే కోస్తుంది. కప్పుగా వరిగడ్డి బాగా పనిచేస్తుంది గానీ అభయారణ్యంలోకి కలుపు గింజలు మోసుకెళ్తుంది. అక్కడి ఎండుటాకులే వాడటం నయం.

వానాకాలంలో సెంటినెల్-2కు మబ్బు లేని రోజు దొరకడం కష్టం, కాబట్టి ఫలితం సరిచూసుకునే ఏర్పాటు ముందే నేల మీద ఉండాలి. ముప్పు ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని తేలిన మూడు రకాల పరీవాహకాల్లోనూ ఒక్కో చెక్‌డ్యామ్‌లో సెంటీమీటర్ల గుర్తులు వేసిన గడకర్ర పాతండి. డిసెంబరులో పూడిక లోతును విస్తీర్ణంతో గుణిస్తే ఘనపరిమాణం వస్తుంది. కొట్టుకొచ్చిన మట్టి అంతా అక్కడ ఆగదు కాబట్టి ఈ అంకె రూసిల్ టన్నులతో సరిపోలదు. మూడింటి వరుస సరిపోయిందా అన్నదే చూడాలి. ‘తక్కువ’ అన్నచోట పూడిక ఎక్కువ వస్తే ముందు అక్కడి బోడి నేల కొలతలు తిరగేయండి, ఆ తర్వాత వాగు పక్క పట్టీని చూడండి. ఆ రెండూ సరిగా ఉంటేనే సీ విలువ మార్చండి.